బండి వస్తోందని ఎప్పుడు చెప్పాలి

జులై 4, శుక్రవారం

రిటైరైన ఈ మూడేళ్ళలో ఇంత కోపం రాలేదు, ఇంత సరదా కూడా పడలేదు. రెండూ ఒకే పూట!

నిన్న మా ఆవిడ రత్నానికి డయాలసిస్. పొద్దున్న ఏడున్నరకి ఫోనుకి మెసేజ్ వచ్చింది. ‘మీ కారు బుక్ అయింది. సిద్ధంగా ఉండండి.’ సిద్ధంగానే ఉన్నాం. వాచిన కాళ్ళతో గేటు దగ్గర స్టూలు వేసుకుని ఎనిమిదిన్నర దాకా కూర్చుంది. కారు లేదు. ఫోన్ చేస్తే ఎత్తింది మరమనిషి. మర్యాదకేం లోటు లేదు. “మీ కారు బుక్ అయిందండీ” అని మూడుసార్లు చెప్పింది. చివరికి ఆటోలో తార్నాక చేరేసరికి సెంటర్లో మా కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం రెండింటికి గానీ ఎక్కించలేదు.

ఇవాళ ఆ మెసేజ్‌లు పంపే కంపెనీ ఎక్కడుందని వాకబు చేస్తే, వెస్ట్ మారేడ్‌పల్లిలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మేడ మీద. అయిదారుగురు పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వాళ్ళ పెద్ద సింధూర. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. వెళ్తూనే దులిపేశాను. ఆ అమ్మాయి ఒక్క మాట ఎదురు చెప్పకుండా కుర్చీ వేసి, కంప్యూటర్ నావైపు తిప్పింది.

“అంకుల్, మీ కాల్ ఎత్తింది ఏఐ ఏజెంట్. దాని చేతికి మేం కొన్ని టూల్స్ ఇచ్చాం. ఒకటి కారు అడగడానికి, ఒకటి సెంటర్లో కుర్చీ ఖాళీ చూడటానికి, ఒకటి పేషెంట్‌కి మెసేజ్ పెట్టడానికి. ఏది ఎప్పుడు వాడాలో దానికి మేం పక్కన రాసిపెట్టినదాన్ని బట్టే తెలుస్తుంది. ఇది చూడండి, కారు టూల్.”

పక్కన ఏం రాసుందీ? ‘కారు బుక్ చేస్తుంది.’ అంతే! మూడు మాటలు!

“అమ్మాయ్, బుక్ చేయడమంటే ఏమిటి? కారు కావాలని చీటీ రాసి పెట్టడమా, డ్రైవరు సరేననడమా, బండి కదలడమా?” అన్నాను.

“చీటీ వరకే అంకుల్.”

“మరి కారు వీధి మలుపులో ఉన్నట్టు చెబుతోందేం?”

“ఆ తేడా దానికెవరూ చెప్పలేదు.”

ముప్ఫై ఆరేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసినవాడిని. ఎంత అనుభవం ఉన్నవాడైనా మా స్టేషనుకి కొత్తగా వస్తే ముందు ఆ స్టేషన్ రూల్స్ పుస్తకం చేతికిచ్చేవాళ్ళం. ఏ లీవరు ఏం చేస్తుంది, ఎప్పుడు లాగకూడదు, లాగాక ఏం చూసుకోవాలి. చదివి సంతకం పెడితే గానీ డ్యూటీ లేదు. ఈ మాట చెబితే సింధూర పెన్ను తీసి రాసుకుంది. తర్వాత అంది, “మీరే రాసివ్వండి అంకుల్, ప్లీజ్.”

అరవై మూడేళ్ళకి నన్ను రూల్స్ రాయమని ఒకరు బతిమాలుతున్నారు!

జులై 5, శనివారం

డయాలసిస్ కుర్చీ పక్కన కూర్చుని నాలుగు గంటలూ రాశాను. అసలు నాలుగు గంటలు గడిచినట్టే తెలియలేదు. ఎప్పుడూ కళ్ళు మూసుకుని పడుకునే రత్నం ఇవాళ మెడ ఎత్తి “ఏం రాస్తున్నారు, చదవండి” అంది. చదివాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఆరో తరగతికి లెక్కలు చెప్పిన మనిషి, ఊరుకుంటుందా? రెండు చోట్ల తప్పు పట్టింది.

లేచేటప్పుడు అడిగింది, “తమ్ముడి టెస్టులు ఎంతవరకొచ్చాయి?”

“నడుస్తున్నాయి” అన్నాను.

సామర్లకోట నుంచి ఆ తమ్ముడు, కామరాజు, ఫోన్ చేసింది జూన్ పదకొండున. “బావగారూ, మ్యాచయితే అయింది గానీ నా వల్ల కాదండీ. పిల్లలు ఒప్పుకోవట్లేదు. అక్కతో మీరే ఏదో ఒకటి చెప్పండి” అని పెట్టేశాడు. కిడ్నీ వాడిది, ఇవ్వడం ఇవ్వకపోవడం వాడిష్టం. నేను తప్పు పట్టను. రత్నానికి చెబుతాను. ముందు ఈ కాళ్ళ వాపు తగ్గనీ.

జులై 9, బుధవారం

పదకొండు పేజీలు! షరతులు, ఉపషరతులు, మినహాయింపులు. రైల్వే బోర్డు చూస్తే మెడల్ ఇచ్చేది. గర్వంగా తీసుకెళ్ళి ఇచ్చాను. సింధూర ఏజెంట్‌కి ఎక్కించి పరీక్ష పెట్టింది. “రేపు పొద్దున కారు కావాలి” అని అడిగితే అది ఏమందో తెలుసా? “ఏడవ షరతులోని రెండవ మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో దయచేసి తెలపండి” అంది.

అందరూ పడీ పడీ నవ్వారు. కార్ల డ్రైవర్లందరినీ చూసుకునే రాజేందర్ అప్పుడే ఏదో పని మీద వచ్చి ఉన్నాడు. పేజీలు తిరగేసి, “మాస్టర్ సాబ్, గిదంతా సదివేలోపు పేషెంట్ ఉంటడా పోతడా?” అన్నాడు. నోటికి తాళం లేదు మనిషికి. రేపటి నుంచి వెళ్ళను.

జులై 10, గురువారం

వెళ్ళాను.

అంతకుముందు డయాలసిస్ కుర్చీలో రత్నం ఎర్ర పెన్ను అడిగింది. సూది గుచ్చని చేత్తో పట్టుకుని కొట్టేయడం మొదలుపెట్టింది. అడ్డంగా, నిలువుగా, నా ముఖం వైపైనా చూడకుండా. “ఇదంతా మీకెంత తెలుసో చూపించుకోవడానికి రాశారు. ఏమీ తెలియనివాడు చదువుతాడనుకుని రాయండి” అంది. పదకొండు పేజీలు అరపేజీ అయ్యాయి. ఈ టూల్ దేనికి? దేనికి కాదు? దీని జవాబు వస్తే ఏం అర్థమైనట్టు? రాకపోతే ఏం చేయాలి? అంతే. మిగతాదంతా పొట్టు.

సాయంత్రం అది ఎక్కించారు. “కారు కోసం అడిగాను. డ్రైవరు ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోగానే చెబుతాను” అంది ఏజెంట్. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

జులై 13, ఆదివారం

బోనాలు. మహంకాళి గుడివైపు రోడ్లన్నీ మూసేశారు. ఈ సంగతి ఏజెంట్‌కి తెలుసా అని సింధూరకి ఫోన్ చేశాను. తెలియదట! పండక్కి అమ్మమ్మగారింట్లో ఉండి కూడా రాసుకుంది.

జులై 16, బుధవారం

ఈ పని మందులాంటిది. పొద్దున్నే లేవాలనిపిస్తోంది.

కుర్చీ ఖాళీ చూసే టూల్ ఒకటుంది. ఖాళీ లేకపోతే ‘లోపం 4’ అని జవాబిస్తుంది. నాలుగంటే ఏమిటో ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఇక ఏజెంట్‌కేం తెలుస్తుంది పాపం! ఒక పేషెంటుకి క్షమాపణ చెబుతూ పదకొండుసార్లు మళ్ళీ మళ్ళీ అడిగిందట. దాన్ని ఇలా మార్పించాను. ‘ఈ షిఫ్టులో కుర్చీ ఖాళీ లేదు. మళ్ళీ అడిగినా ఇదే జవాబు. తర్వాతి షిఫ్టు చూసి పేషెంటుని అడుగు.’ ఒక్క రోజులో ఆ గొడవ తీరిపోయింది. తప్పు జరిగిందని చెప్పి ఊరుకుంటే ఎలా? తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాలి కదా! ఎంత చిన్న విషయం! ఎంత పెద్ద విషయం!

జులై 19, శనివారం

డాక్టర్ శ్రీలలిత రత్నానికి ఒక ఫారం తెచ్చిచ్చింది. చనిపోయినవాళ్ళ కిడ్నీ దొరికితే ఇచ్చే ప్రభుత్వ జాబితాది. రత్నం చదివి తిప్పి ఇచ్చేసింది. “మా తమ్ముడు ఇస్తున్నాడమ్మా. నేనెందుకు వరసలో నిలబడటం? నేను తప్పుకుంటే నా వెనకాలవాళ్ళు ఒకడుగు ముందుకొస్తారు” అంది. డాక్టరమ్మ నావైపు చూసింది. ఎంత మంచి మనసండీ మీ ఆవిడది అన్నట్టు.

నేనేమీ అనలేదు. పక్క కుర్చీల్లో నలుగురు పేషెంట్లున్నారు. అంతమందిలో చెప్పే సంగతా అది?

మెసేజ్ టూల్ సగం అయింది. చాలా బాగా వస్తోంది.

జులై 22, మంగళవారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

డ్రైవరు సరేనన్నాడు, ఏజెంట్ కారు వస్తోందని చెప్పింది, డ్రైవరేమో ఇంకా ఇంట్లో స్నానం చేస్తున్నాడు. దీనికేం మందు? పడుకున్నా అదే ఆలోచన. పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. ప్రైవేట్ నంబర్!

పరుగున వెళ్ళి సింధూరకీ రాజేందర్‌కీ చెప్పాను. రైలు వస్తోందంటే స్టేషన్ మాస్టరు లెవెల్ క్రాసింగ్ గేట్‌మన్‌కి ఫోన్ చేస్తాడు. గేటు వేశావా అంటే ఔనని నోటిమాట చెబితే కుదరదు. గేట్‌మన్ దగ్గర రెండంకెల నంబర్లున్న కాగితం ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి, ఎవరూ ఊహించలేని వరసలో. గేటు వేసి, తాళం వేసి, అప్పుడు కాగితంలో తర్వాతి నంబరు చదవాలి. ఆ నంబరు నా పుస్తకంలో పడితేనే సిగ్నల్ ఇస్తాను. నంబరంటే మాట ఇవ్వడం.

“వావ్ అంకుల్” అంది సింధూర. పిల్లలందరూ చుట్టూ చేరారు. రాజేందర్ సుత, అదే, రాజేందర్ కూడా (వాడి భాష నాకంటుకుంటోంది) “ఇది మంచిగున్నది సాబ్. మా పోరగాళ్ళు అబద్ధం చెప్పనీకి ఉండది” అన్నాడు.

ఒక్కో డ్రైవరుకీ నంబర్ల కాగితం. బండి స్టార్ట్ చేశాక ఏజెంట్‌కి నంబరు చెప్పాలి. టూల్ పక్కన రాశాను: ‘నంబరు రానంతవరకు బండి వస్తోందని పేషెంటుకి చెప్పకు. ఎంతమంది అడిగినా, ఎంతసేపు బతిమాలినా చెప్పకు.’ రత్నానికి చదివితే ఎర్ర పెన్ను తీయలేదు. నాకు పరీక్ష పాసైనట్టుంది.

జులై 26, శనివారం

మూడు షిఫ్టులు, డెబ్భై ట్రిప్పులు. ఒక్కటి తప్పలేదు!

రత్నం మళ్ళీ తమ్ముడి టెస్టుల సంగతి అడిగింది. నడుస్తున్నాయన్నాను.

జులై 31, గురువారం

ఎంత దారుణం. లాలాగూడ విజయమ్మ అని, రత్నం పక్క కుర్చీలో ఉండే ఆవిడ. డెబ్భై ఏళ్ళు, ఒక్కతే ఉంటుంది. కారు వస్తోందని ఏజెంట్ చెబితే మెట్ల మీద కూర్చుని గంటా ఇరవై నిమిషాలు చూసింది. నంబరు వచ్చింది. కారు రాలేదు.

కారణం రాజేందర్! డ్రైవర్లందరి కాగితాలూ తన దగ్గరే పెట్టుకుని పొద్దున ఆరింటికే అన్ని నంబర్లూ ఒకేసారి చదివేశాడు. చొక్కా పట్టుకోబోయాను.

“గట్ల గరం కాకున్రి మాస్టర్ సాబ్. మా డ్రైవర్లకు ఊకె ఊకె ఫోన్లు చేస్తుంటే పరేషాన్ అయితుర్రు. జెర ఆసాన్ అయితదని నేనే చెప్పేసిన. ఎట్లాగూ పోతరు గదా అనుకున్న.”

ఎట్లాగూ పోతారు కదా! ఎట్లాగూ వేస్తాను కదా అని గేటు వేయకముందే నంబరు చదివిన గేట్‌మన్లు నాకెంతమంది తెలియదు! జనం తిడతారని, ట్రాక్టరు ఒకటి దాటిపోతుందని. నేనూ తీసుకున్నాను అలాంటి నంబర్లు, గొంతు వింటేనే తెలిసిపోయినా సరే. అది వేరే సంగతి.

విజయమ్మకి ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారు. ప్రాణానికేం ఫర్వాలేదన్నారు. రత్నం అంతా వింది. తర్వాత అంది, “కారు రాదని ముందే చెబితే ఆవిడ ఆటో ఎక్కేదండీ. వస్తుందన్నారు కాబట్టే కూర్చుండిపోయింది.”

ఈ వాక్యం బంగారం. అలాగే రాసుకున్నాను.

ఆగస్టు 1, శుక్రవారం

టూల్ పక్కన మొదటి వాక్యం ఇప్పుడు ఇది: ‘బండి రాదని చెబితే పేషెంటు వేరే దారి చూసుకుంటాడు. వస్తుందని అబద్ధం చెబితే కూర్చుండిపోతాడు. తెలియకపోతే తెలియదని చెప్పు.’ దాని కింద: ‘నంబరు ఒక్కటే చాలదు. మ్యాపులో బండి కదిలినట్టు కూడా కనబడాలి. రెండూ లేకపోతే, బండి రావాల్సిన టైముకి నలభై నిమిషాల ముందే పేషెంటుకి ఆ మాట చెప్పు.’

రాజేందర్ వచ్చి చదివించుకున్నాడు. “విజయమ్మ దగ్గరికి పోయొచ్చిన సాబ్. మాఫ్ చేయమన్న” అన్నాడు. టీ తాగించాను.

ఆగస్టు 5, మంగళవారం

కామరాజుకి రాఖీ కొరియర్ చేయమంది రత్నం. చేశాను.

ఆగస్టు 8, శుక్రవారం

సంతోషం పట్టలేకపోతున్నాను. ఇంకో రెండు డయాలసిస్ సెంటర్లు మా ఏజెంట్‌నే అడిగాయట. వాళ్ళ టూల్స్‌కి కూడా నేనే రాయాలి! సింధూర నాకొక టేబుల్ వేయించింది. ఎదురుగా గోడ మీద రత్నం వాక్యం ప్రింటు తీసి అంటించారు. కొత్తగా చేరేవాళ్ళు ముందు అది చదవాలట.

రత్నానికి ఫొటో తీసి చూపించాను. మురిసిపోయింది. నేను చెప్పింది గోడెక్కిందా అని నాలుగుసార్లు అడిగింది. ఇంత సంతోషంగా ఉన్నప్పుడు ఆ కబురు ఎలా చెప్పను? చెబుతాను. ఈ నెలాఖరులోగా.

ఆగస్టు 12, మంగళవారం

తెల్లవారుజాము నుంచి కుండపోత. ఆరూ యాభైకి ఏజెంట్ ఫోన్ చేసింది. మాట మాటా గుర్తుంది.

“మెట్టుగూడ దగ్గర నీళ్ళు నిలిచాయండీ. ఇంతవరకు ఏ డ్రైవరూ నంబరు ఇవ్వలేదు. బండి వస్తుందని నేను చెప్పలేను. ఎదురుచూడకుండా ఆటో దొరికితే బయల్దేరండి. మీ కుర్చీ తొమ్మిదింటి దాకా ఉంచమని సెంటరుకి చెప్పాను.”

నావి! నా వాక్యాలే! వర్షంలో కారు లేదని చెబితే ఎగిరి గంతేసిన వాడిని ప్రపంచంలో నేనొక్కడినే అయ్యుంటాను. గొడుగు కూడా మర్చిపోయి వీధి చివరికి పరుగెత్తి ఆటో పట్టుకొచ్చాను. రత్నాన్ని దుప్పటి కప్పి కూర్చోబెట్టాను. మెట్టుగూడ రోడ్డు ఏరులా ఉంది. అయినా ఎనిమిదీ నలభైకల్లా చేరతామని లెక్క తేలింది.

రత్నం నా మోకాలి మీద చెయ్యి వేసింది. “ఎంత బాగా రాశారండీ. రాదని చెప్పబట్టే కదా కదిలాం” అంది. తర్వాత, “తమ్ముడి టెస్టులు ఏమయ్యాయి?” అంది.

నడుస్తున్నాయని నోరు తెరిచాను. రెండు నెలలుగా అలవాటైన మాట.

“కామరాజు ఇవ్వడు రత్నం” అన్నాను.

ఆటో టాపు మీద వాన మోత. “ఏమంటున్నారు? వినబడట్లేదు” అంది.

“కామరాజు ఇవ్వనన్నాడు!”

“గట్టిగా చెప్పండి!”

“కిడ్నీ ఇవ్వడట! జూన్‌లోనే చెప్పాడు!” అని అరిచాను. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. రత్నం చెయ్యి తీసేసి దుప్పటి లోపల పెట్టుకుంది.

సెంటర్లో సూది గుచ్చి నర్సు వెళ్ళాక అడిగింది. “ఆ ఫారం డాక్టరమ్మ ఎప్పుడిచ్చింది?”

“జులై పంతొమ్మిది.”

“మీరు పక్కనే ఉన్నారుగా.”

“ఉన్నాను.”

“నేను వద్దని తిప్పి ఇచ్చేస్తుంటే చూస్తూ ఊరుకున్నారు.”

నువ్వు బాధపడతావని అన్నాను. “వాడు ఇవ్వనన్నందుకు బాధపడేదాన్ని. ఏడ్చేదాన్ని. ఏడ్చి ఆ ఫారం నింపేదాన్ని” అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు గంటలు. ఒక్కో నిమిషం లెక్కపెట్టాను.

నన్ను నేనే చెప్పుచ్చుకు కొట్టుకోవాలి. మరమనిషికి నేర్పాను.

ఆగస్టు 13, బుధవారం

రత్నం నాతో మాట్లాడలేదు. మందులు తనే తీసుకుని వేసుకుంది. నేను ఆఫీసుకి వెళ్ళలేదు.

ఆగస్టు 14, గురువారం

ఫారం పెట్టేశాం! వరసలో పేరు పడింది!

కారు నంబరుతో సహా సమయానికి వచ్చింది. సెంటర్లో డాక్టరమ్మ కనబడగానే రత్నమే పిలిచి, “అమ్మా, ఆ కాగితం మళ్ళీ ఇస్తారా? మా తమ్ముడికి కుదరలేదు” అంది. ఇవ్వనన్నాడని అనలేదు, కుదరలేదంది. నా గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

“ఇచ్చే కిడ్నీ సరిపోవాలి, అది ముఖ్యం. పేరెక్కిన తేదీ కూడా లెక్కలోకి వస్తుంది. కొంచెం ముందు ఇచ్చి ఉంటే బావుండేదమ్మా” అంది డాక్టరమ్మ. జులై పంతొమ్మిది నుంచి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. జూన్ పదకొండు నుంచి లెక్కేస్తే అరవై నాలుగు. నేను తల దించుకుని నిలబడ్డాను. రత్నం అట్ట మీద కాగితం పెట్టుకుని, సూది లేని చేత్తో, బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో నింపుతూ పోయింది.

కిడ్నీ దొరికితే ఏ వేళప్పుడైనా ఫోన్ వస్తుందట. వచ్చిన కొద్ది గంటల్లో ఆస్పత్రిలో ఉండాలట. ‘ఎవరికి ఫోన్ చేయాలి’ అని ఒక గడి ఉంది. పన్నెండేళ్ళుగా ఇంట్లో అన్ని కాగితాల మీదా నా నంబరే. బ్యాంకు, గ్యాసు, ఆస్పత్రి, అన్నీ. అలవాటుగా పెన్ను అందుకోబోయాను.

రత్నం కాగితం తన వైపు లాక్కుంది. తన నంబరు రాసింది. పది అంకెలూ ఒకసారి సరిచూసుకుంది.

దాని కింద ఇంకో గడి. ‘వీరు దొరకకపోతే ఎవరికి?’

“అది తర్వాత చూద్దాం” అంది. రెండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. తర్వాత నా కళ్ళలోకి చూసి అడిగింది, “నిన్న సాయంత్రం డాక్టరమ్మ మీకు ఫోన్ చేసింది. వరండాలోకి వెళ్ళి మాట్లాడారు. ఏం చెప్పింది?”

పోయిన వారం రత్నానికి చేసిన గుండె పరీక్ష సంగతి. అంత బాగా లేదంది. ఆపరేషన్ దాకా తట్టుకోవాలంటే ఉప్పు, నీళ్ళు, అన్నీ ఇంకా కట్టడి చేయాలంది. ఇంటికెళ్ళాక మెల్లగా చెబుదామనుకున్నాను.

చెప్పాను. అంకెలతో సహా మొత్తం చెప్పాను. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని వింది. అర్థంకాని చోట ఆపి రెండోసారి చెప్పించుకుంది. అయ్యాక కాగితం మడిచి డాక్టరమ్మకి ఇచ్చేసింది.

ఆ రెండో గడి ఖాళీగానే వెళ్ళింది.